పదిహేడో నంబరు తూకం

మధ్యాహ్నం మూడూ ముప్ఫై ఆరు. ఎలుకల గది తలుపు ముందు నిలబడి నిమిషాలమ్మ ఆ టైము తన చిన్న పుస్తకంలో రాసుకుంది. తలుపు తెరిచే ముందొకసారి, తెరిచాక ఒకసారి టైము రాసుకునే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇన్సూరెన్సు ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు దొంగ క్లెయిములు పట్టుకుని, రిటైరయ్యాక ఇంటి ముందు డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న ఆవిడకి ఆ పేరు పెట్టింది కూడా అలా నవ్విన వాళ్ళే. ఆవిడ పట్టించుకోదు. 

ఒంటిగంటా యాభైకి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. చేసింది నిమిషాలమ్మ వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడ భర్త ఈ పరిశోధనశాలలో ఎలుకల్ని చూసుకుంటాడు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆయన "ఎలుకల మావయ్యే." పొద్దున పనిలో ఉండగా పడిపోయి తల పగిలింది. స్పృహ లేదు.

"అక్కా, ప్రొఫెసరు గారు వాళ్ళు కనిపెట్టిన మందు ఈయనకి ఎక్కిద్దామంటున్నారు," అంది. "తలకి గట్టి దెబ్బ తగిలితే కొన్ని నెలల తర్వాత ఫిట్స్ మొదలవుతాయట. అవి అసలు మొదలవకుండా ఆపే మందట. ఇన్నాళ్ళూ ఎలుకలకే ఇచ్చారు, ఇప్పుడే మనుషులకి ఇవ్వడానికి అనుమతొచ్చిందట. నాలుగున్నర దాటకుండా సంతకం పెట్టమంటున్నారు. ఈయన కాలుజారి పడే మనిషి కాదక్కా. నన్నేం చెయ్యమంటావు?"

"నేను చెప్పేదాకా పెట్టకు," అనేసింది నిమిషాలమ్మ.

అనడం ఎంతసేపు.  మందు మంచిదైతే ఆ మనిషి బతుకంతా ఫిట్స్‌తో గడపడానికి తనే కారణమవుతుంది. మంచిది కాకపోతే సంతకం పెట్టించిన పాపం తనదవుతుంది. నాలుగున్నరకి ఇంకా యాభై నాలుగు నిమిషాలు. లోపలికి అడుగుపెట్టింది.

గదిలో ఎర్రటి మసక వెలుతురు. గోడకానించి రెండు ఇనప రాక్‌లు, వాటి నిండా గాజు బోనులు, ప్రతి బోను మీదా ఒక కెమెరా. బోనుల్లో ఎలుకలు ఒక్కక్షణం కుదురుగా ఉండకుండా తిరుగుతున్నాయి. రాక్ మూల దగ్గర నేల మీద ఎండిన రక్తం. పక్కనే తూకం యంత్రం, దాని మీద మూతకి చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా.

"ఈ చీకట్లో ఏం కనబడుతుందండీ?" అంటూ ఎవరో వెనకనుంచి టక్కున తెల్ల లైటు వేశారు.

"అయ్యో, ఆపండి!" అని ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఆర్పేసింది. "ఎలుకలు రాత్రిపూట తిరిగే జీవాలండీ. అందుకని వాటి పగలూ రాత్రీ తిరగేశాం. పొద్దున ఎనిమిదికి తెల్ల లైట్లు వాటంతటవే ఆరిపోతాయి. అప్పట్నుంచి వాటికి రాత్రే. ఇప్పుడు తెల్ల లైటు వేస్తే నెల రోజుల పని పాడవుతుంది."

లైటు వేసిన మనిషి ఇన్‌స్పెక్టరు. నిమిషాలమ్మకి స్వయానా మరిది, భర్త తమ్ముడు. ఇంట్లో ఆవిడ చేత్తో వడ్డిస్తే తప్ప తినడు. బయట కేసు దగ్గర ఎదురుపడితే మాత్రం ఉప్పూ నిప్పూ.

"వస్తారనుకున్నా వదినా. కాకపోతే ఆలస్యంగా వచ్చారు. కేసయిపోయింది."

"ఎలా అయిపోయింది?"

"నేల తడిగా ఉంది. కాలు జారింది. ఈ రాక్ మూల తలకి తగిలింది. తొమ్మిదిన్నరకి ఈ అమ్మాయితో మాట్లాడాడు. తొమ్మిదీ నలభైకి పడి ఉండగా చూసింది కూడా ఈ అమ్మాయే. ప్రొఫెసరు గారు తొమ్మిది నుంచి పదకొండు దాకా మీటింగులో ఉన్నారు, పద్నాలుగు మంది సాక్షులు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ కొట్టలేదు. ఆవిడ చేత సంతకం పెట్టించి మీరు ఇంటికెళ్ళచ్చు."

"ఇవాళ అందరికీ సంతకం మీదే ధ్యాస," అని నిమిషాలమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

ఆ పిల్లని ఇక్కడ "రెప్ప" అంటారు. ఎలుకలకి ఎప్పుడు ఫిట్స్ వచ్చాయో వీడియోల్లో చూసి లెక్కపెట్టడం ఆమె పని. రెప్ప వెయ్యకుండా గంటలతరబడి చూస్తుందని ఆ పేరు. ఇప్పుడు మాత్రం రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"తొమ్మిదిన్నరకి మావయ్యతో మాట్లాడావా?"

"మాట్లాడానండీ."

"ఏం మాట్లాడావు?"

"అదే... టీ తాగుతారా అని."

"ఏమన్నాడు?"

"తర్వాత తాగుతానన్నారు."

"ఆయన టీ తాగడమ్మా. కడుపులో పుండు. నాలుగేళ్ళ నుంచి వాళ్ళావిడ మజ్జిగ సీసా కట్టి పంపిస్తోంది. అదిగో, ఆ బల్ల కింద సంచిలో ఉంది, మూత కూడా తియ్యలేదు."

 మరిది కల్పించుకున్నాడు.

"భయంలో ఏదో అంది వదినా. పిల్లని పీక్కు తినకండి."

ఇంతలో తలుపు తోసుకుని ప్రొఫెసరు తొంగిచూశాడు. అరవై ఏళ్ళ సన్నటి మనిషి. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "సంతకం అయిందా?" అన్నాడు. లేదని తెలిశాక గోడ గడియారం వైపు చూసి వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టరు వచ్చాక ఇది ఐదోసారట. నిమిషాలమ్మ రాసుకుంది: మూడూ నలభై తొమ్మిది.

ఆవిడ తూకం డబ్బా దగ్గర వంగింది. పక్కనే నోటుపుస్తకంలో మావయ్య గుండ్రటి దస్తూరీ. ఇవాళ్టి తేదీ కింద ఒకటి నుంచి పదహారు దాకా ఎలుకల బరువులు వరసగా ఉన్నాయి. పదిహేడు దగ్గర నంబరు రాసి ఉంది, బరువు లేదు.

"తూకం ఎప్పుడు మొదలెడతాడు?"

"ఎనిమిదికి. లైట్లు ఆరగానే," అంది రెప్ప. "వీడియోల్లో రోజూ చూస్తాను కదండీ, సెకను తేడా ఉండదు. ఆ గంటసేపు ఎలుకల తలమీద వైర్లు తీసేస్తాం, కెమెరాలు ఆపేస్తాం. ఎనిమిదికి ఆయన చెయ్యి బోనులోకి రావడం, వీడియో ఆగిపోవడం, రెండూ ఒకేసారి."

"ఒక్కో ఎలుకకి ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. డబ్బాలో అది కుదురుకోవాలి కదా. అయ్యాక డబ్బా తుడిచి ఇంకోదాన్ని పెడతారు. తుడవకుండా ఎప్పుడూ పెట్టరు. ముందుదాని వాసనకి రెండోది బెదిరిపోతుందని."

"పదహారు రెళ్ళు ముప్ఫై రెండు," అంది నిమిషాలమ్మ. "ఎనిమిదీ ముప్ఫై రెండుకి పదిహేడోది డబ్బాలోకి వెళ్ళాలి. నువ్వు చూసినప్పుడు అదెక్కడుంది?"

"డబ్బాలోనే ఉందండీ. నేనే తీసి బోనులో పెట్టాను, కింద పడున్న దాని కార్డు కూడా తగిలించాను. డబ్బా తుడవలేదు."

"తుడవకపోవడమే మంచిదైంది. మరిదీ, ఇలా రా. ఈ డబ్బాలో పెంటికలు లెక్కపెట్టు."

"నేనా? నేను ఇన్‌స్పెక్టర్ని వదినా!"

"అందుకే లెక్కపెట్టమంటున్నా. సాక్ష్యం కదా."

మరిది ముక్కు మూసుకుని లెక్కపెట్టాడు. "పద్నాలుగు."

"మూలన తడి ఆరి పసుప్పచ్చగా అట్టకట్టింది, చూశావా? రెండు నిమిషాల్లో ఒక ఎలుక పద్నాలుగు పెంటికలు వేసి, తడిపి, అది ఆరిపోయేదాకా ఉంటుందా? గంట దాటి ఉంది ఈ డబ్బాలో. పదిహేడోదాన్ని పెట్టాడు, బరువు రాసుకునేలోపు పడిపోయాడు. అంటే ఎనిమిదీ ముప్ఫై రెండుకీ ముప్ఫై నాలుగుకీ మధ్య. తొమ్మిదిన్నరకి ఆయన ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేడు."

మరిది మొహంలో నవ్వు పోయింది. రెప్ప వైపు చూశాడు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సార్ చెప్పమన్నారండీ," అంది. "జారిపడ్డాడు, కానీ టైము విషయంలో గొడవైతే మందు ఇవ్వడం ఆపేస్తారు, మావయ్యకే నష్టం అన్నారు. మావయ్య మంచికే కదా అని..."

"చూశారా, ప్రొఫెసరు ఎనిమిదిన్నరకి మీటింగులో లేడు!" అన్నాడు మరిది. ఇంతసేపూ ఆ మాట తనే అంటున్నట్టు. "పట్టుకొస్తా."

"ఆగు. ఎందుకు తోశాడో తెలియకుండా పట్టుకొచ్చి ఏం చేస్తావు? కాలుజారి పడ్డాడంటాడు. నువ్వు పొద్దున్నుంచీ అదే అంటున్నావుగా."

నాలుగూ మూడు.  నిమిషాలమ్మ బోనులకి వేలాడదీసిన అట్ట కార్డులు ఒక్కొక్కటే చూడసాగింది. నంబరు, దెబ్బ తగిలించిన తేదీ, తర్వాత ఎన్ని గంటలకి మందిచ్చారో ఆ గంటలు. మొదటి ఆరింటికీ రెండు గంటలు. తర్వాతి ఆరింటికీ ఎనిమిది. పదమూడు నుంచి పద్దెనిమిది దాకా పన్నెండు. చివరి ఆరింటికీ ఇరవై నాలుగు. ఎదుటి రాక్‌లో ఉన్నవాటికి మందే లేదు, ఉత్త ఉప్పునీళ్ళు.

పదిహేడో కార్డు తీసి వెనక్కి తిప్పింది. వెనక పెన్సిలుతో చుక్కలున్నాయి. ఆరు.

"ఇవేంటి?"

రెప్ప దగ్గరికొచ్చి చూసింది. "తెలియదండీ. కార్డు వెనక ఎవరూ ఏమీ రాయరు." మళ్ళీ చూసి గొంతు తగ్గించింది. "తూకం గంటలో కెమెరాలుండవు. ఆ టైములో దేనికైనా ఫిట్స్ వస్తే చూసేది మావయ్య ఒక్కరే. వచ్చినప్పుడల్లా చుక్క పెట్టుకున్నారేమో."

నిమిషాలమ్మ వరసగా కార్డులన్నీ తిప్పింది. ఒకటి నుంచి పన్నెండు దాకా శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిదోదానికి మాత్రం ఒకే ఒక్క చుక్క. ఉప్పునీళ్ళ ఎలుకలకి రెండేసి, మూడేసి. పదమూడు నుంచి చుక్కలు పెరిగాయి: ఐదు, ఆరు, ఏడు. ఇరవయ్యో నంబరు తర్వాత మూడు బోనులు ఖాళీ. వాటి కార్డుల మీద చుక్కల పక్కన కొట్టివేత గుర్తులు. చచ్చిపోయాయి. ఎనిమిది గంటలలోపు మందు పడ్డవి బాగున్నాయి. ఆలస్యంగా పడ్డవాటి గతి, మందే పడని వాటికన్నా అన్యాయం.

ఫోన్ తీసి, మావయ్య భార్య ఆస్పత్రి నుంచి పంపిన సంతకం కాగితం ఫోటో చూసింది. మందు ఇరవై నాలుగు గంటల్లోపు ఎప్పుడైనా ఇవ్వచ్చని, ఏ గంటలో ఇచ్చినా ఎలుకల్లో ఫిట్స్ రాలేదని అచ్చులో ఉంది.

"ఈ ఆలస్యపు ఎలుకల వీడియోలు నువ్వు చూడలేదా?"

"లేదండీ. అవి సార్ తీసుకున్నారు. తనే చూస్తానన్నారు." ఆ పిల్ల ఖాళీ బోనుల వైపు చూసింది. "ఒక్క ఫిట్ కూడా రాలేదని చెప్పారు."

నాలుగూ పంతొమ్మిదికి ప్రొఫెసరు ఆరోసారి తలుపు తోశాడు. ఈసారి మరిది ఆయన వెనక తలుపు మూసి దానికానుకుని నిలబడ్డాడు.

"ప్రొఫెసరు గారూ, చిన్న లెక్క," అంది నిమిషాలమ్మ. "మీ కాగితం ప్రకారం మందుకి ఇరవై నాలుగు గంటల టైముంది. మీ సాక్ష్యం ప్రకారం ఆయన పడింది తొమ్మిదిన్నర తర్వాత. అంటే రేపు పొద్దున తొమ్మిదిన్నర దాకా తొందరేం లేదు. మరి నాలుగున్నర దాటకూడదని ఆవిణ్ణి ఎందుకు తరుముతున్నారు?"

"ఎంత త్వరగా ఇస్తే అంత మంచిదని."

"అయితే మూడనాలి. నాలుగనాలి. నాలుగున్నరే ఎందుకన్నారు?" పదిహేడో కార్డు ఆయన ముందు తిప్పి పట్టుకుంది. "మీ మందు పనిచేసేది ఎనిమిది గంటలు. దాటితే విషం. అది మీకు బాగా తెలుసు. నాలుగున్నరలోంచి ఎనిమిది తీసెయ్యండి. ఎనిమిదిన్నర. ఆయన ఎనిమిదిన్నరకి పడ్డాడని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకాయనకి స్పృహ లేదు."

ప్రొఫెసరు కార్డు వైపు చూశాడు. 

"కార్డు చూపించి నిలదీశాడు," అన్నాడు. "ఇమ్మన్నాను. ఇవ్వలేదు. లాక్కోబోయాను. తోశాను. అంతే, తోశాను. కావాలని కాదు. భయమేసి అన్నీ అక్కడే వదిలేసి పారిపోయాను. ఎనిమిది గంటల మందంటే ఎవరూ అనుమతి ఇవ్వరు. దెబ్బ తగిలినవాళ్ళు ఎనిమిది గంటల్లో ఆస్పత్రికి చేరి, అన్ని పరీక్షలూ అయి... పద్దెనిమిదేళ్ళ పని అమ్మా ఇది." హఠాత్తుగా ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నన్ను తర్వాత ఉరితియ్యండి. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. సంతకం పెట్టించండి. టైములోపు పడితే పనిచేస్తుంది. ఒట్టు."

"అబద్ధాలకోరు ఒట్టు ఎవడిక్కావాలి?" అన్నాడు మరిది.

నిమిషాలమ్మ చేతులు విడిపించుకుంది. ఆయన ఒట్టు ఆవిడకీ అక్కర్లేదు. ఆవిడ చూస్తున్నది మొదటి పన్నెండు కార్డుల వైపు. ఫోన్ తీసింది.

"వదినా, తోసిందెవరో ఇప్పుడే చెప్పకండి," అన్నాడు మరిది చెవిలో. "మొగుడి తల పగలగొట్టిన వాడి మందని తెలిస్తే ఏ ఆడమనిషి సంతకం పెడుతుంది? ముందు పెట్టించండి, ఆనక చెబుదాం."

"ఇరవై ఆరేళ్ళు ఒకళ్ళు దాచింది బయటికి లాగడమే నా ఉద్యోగమయ్యా. ఇప్పుడు నేనే దాచనా?"

అవతల ఒక్క రింగుకే ఎత్తింది. "అక్కా! డాక్టరు మందు పట్టుకుని నిలబడ్డాడు. ఏం చెయ్యను?"

"మధ్యలో ఆపకుండా విను. మీ ఆయన్ని తోసింది ప్రొఫెసరే. మందు కూడా ఆయనదే." అవతల ఆవిడ ఏదో అనబోతే ఆపింది. "ఆయన మాట నువ్వు నమ్మక్కర్లేదు. నా మాటా నమ్మక్కర్లేదు. మీ ఆయన రోజూ ఎలుకల కార్డుల వెనక ఫిట్స్ వచ్చినప్పుడల్లా చుక్క పెట్టుకున్నాడు. ఎనిమిది గంటలలోపు మందు పడినవి పన్నెండు. పన్నెండింటికీ కలిపి ఒక్కటే చుక్క. తర్వాత పడినవి నాశనమైపోయాయి. ఎలుకల సంగతే ఇది, మనిషి సంగతి ఎవరికీ తెలియదు. నాలుగూ ముప్ఫై రెండు దాటితే మాత్రం ఒద్దే ఒద్దు. ఇప్పుడు నాలుగూ ఇరవై ఆరు."

 బోనుల్లో ఎలుకలు గాజుని గీరుతున్నాయి.

"ఆ చుక్కలు ఆయనే పెట్టారా?" అంది ఫోన్లో.

"ఆయనే. పెన్సిలుతో."

"నా కొలతల పుస్తకంలో కూడా పెన్సిలుతోనే రాస్తారక్కా. ఒక్కటీ తప్పు పోదు." ముక్కు చీదుకుంది. "ఎవడి మందైతేనేం, మంచిదని చెబుతోంది మా ఆయనే కదా. పెడుతున్నా."

నాలుగూ ముప్ఫైకి మందు పడింది. ఫోన్లో నర్సు ఆ మాట చెప్పగానే నిమిషాలమ్మ పుస్తకంలో రాసుకుంది.  ప్రొఫెసరు గోడకి జారబడి పిల్లాడిలా ఏడ్చాడు. మరిది సంకెళ్ళు తీశాడు. ఆవిడకీ కూలబడాలనే ఉంది. కానీ ఒక్కటి మింగుడు పడటం లేదు.

"కార్డుల మీద తేదీలు చూస్తే ఈ చుక్కలు మూడు నెలల నుంచి ఉన్నాయి," అంది. "మావయ్య ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఇవాళే ఎందుకు నిలదీశాడు?"

 రెప్ప చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్న సాయంత్రం ఫోనొచ్చిందండీ," అంది. "ఊరికి అవతల వైపు ఆస్పత్రి నుంచి. అక్కడా మన మందుంది. బండి మీంచి పడిన అమ్మాయిని తెచ్చారు, పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న వేరే ఊళ్ళో ఉన్నాడు, వచ్చి సంతకం పెట్టేసరికి రేపవుతుంది, పరవాలేదా అని అడిగారు. నేను... సార్‌ని అడిగి, ఇరవై నాలుగు గంటల దాకా పరవాలేదని చెప్పాను. మావయ్య అక్కడే చేతులు కడుక్కుంటున్నారు."

"ఎన్ని గంటలకి పడింది ఆ పిల్ల?"

"నిన్న ఐదున్నరకి. మందు ఇవాళ ఐదింటికి ఇస్తామన్నారు."

నిమిషాలమ్మ ప్రొఫెసరు వైపు చూసింది. ఆరుసార్లు తలుపు తోసి సంతకం అయిందా అని అడిగిన మనిషి. అందులో ఒక్కసారి కూడా ఆ పిల్ల మాట ఎత్తలేదు.

"నంబరు చెప్పు!" అని అరిచాడు మరిది. రెప్ప చెప్పింది. వార్డులో ఫోన్ మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తేవాళ్ళు లేరు. డాక్టరు సెల్లు ఆపేసి ఉంది. ప్రొఫెసర్ని బయట నిలబడ్డ కానిస్టేబుల్ చేతికి అప్పజెప్పి మరిది మెట్ల వైపు పరిగెత్తాడు. వెనకే నిమిషాలమ్మ, చేతిలో కార్డుల కట్టతో, చెవి దగ్గర మోగుతున్న ఫోనుతో.

"ఎంత టైముంది వదినా?" అన్నాడు జీపు తాళం తిప్పుతూ.

"ఇరవై రెండు నిమిషాలు," అంది. గడియారంలో అంకె మారింది. "కాదు, ఇరవై ఒకటి."